శ్రీ సామర్ల వెంకట రంగారావుగారు

ఉక్కు కర్మాగారములో కొలువు అనగా ఎట్టిదో దువ్వాడ ప్రాంతపు బాలబాలికలకు వేరుగా చెప్పనక్కరలేదు. మన విద్యార్థుల తండ్రులలో పలువురు ఆ వేతనముతోనే సంసారములు నడుపుచున్నారు. అట్టి కొలువును, అందులోను దేశమంతట పేరుగన్న జంషెడ్‌పూరు టాటా కర్మాగారములోని కొలువును విడిచి, ఒకసారి తమ్ము ఆదరింపని చలనచిత్ర రంగమునకే తిరిగి వెళ్లిన ఒకరి చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి.

రంగారావుగారు 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించిరి. తండ్రి కోటేశ్వరనాయుడుగారు ఎక్సైజు శాఖలో ఉద్యోగి. రంగారావుగారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, ఇంటరు తరగతికి మన విశాఖపట్టణములోని ఎ. వి. ఎన్. కళాశాలకు వచ్చిరి. పిమ్మట కాకినాడలో బి. ఎస్సీ. పట్టము పొందిరి. ఆ ఊరి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బువారి నాటకములే వారికి రెండవ కళాశాల యని చెప్పవచ్చును. షేక్స్పియరు నాటకములోని షైలాకు వంటి కఠిన పాత్రలను వారు రంగస్థలముపై ధరించిరి.

చదువు ముగిసిన పిమ్మట అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి బందరులోను, విజయనగరములోను పనిచేసిరి. ప్రభుత్వోద్యోగము, గౌరవము కలది. అయినను మనస్సు నాటకముపైననే యుండుటచే దానిని వదలుకొని, బి. వి. రామానందముగారి వరూధిని చిత్రమున ప్రవరుని వేషము వేసిరి. చిత్రము ఓడిపోయెను. అటుపిమ్మట ఎవరును పిలువలేదు. ఆయన జంషెడ్‌పూరు చేరి లెక్కల విభాగములో పనికి కుదిరిరి.

మొదటి ఉద్యోగమును విడుచుట యౌవనోత్సాహమని యెవరైన అనవచ్చును. రెండవదానిని విడుచుట అట్టిది కాదు. అప్పటికి ఓటమి రుచి తెలిసినది. వివాహము కూడ జరిగినది. బి. ఎ. సుబ్బారావుగారు పల్లెటూరి పిల్ల చిత్రములో ప్రతినాయక పాత్రకు రమ్మని పిలిచిరి. సరిగా అదే సమయమున తండ్రిగారు మరణించిరి. ఉత్తరక్రియలు జరిపి మద్రాసు చేరునప్పటికి ఆ పాత్ర వేరొకరికి పోయెను! ఆయన వెనుకకు మరలలేదు. 1949లో వచ్చిన మనదేశములో చిన్న వేషముతో తృప్తిపడిరి.

ఇచ్చట మేము ముఖ్యముగా గమనించినది ఒకటి కలదు. అందగాడైన ప్రవరునిగా నెగ్గని ఈ మనిషి, నాయక పాత్రలకై ప్రాకులాడలేదు. 1950లో షావుకారులో సున్నం రంగడను రౌడీగా వచ్చిరి. మరుసటి యేట పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడైరి. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున తయారైన ఆ చిత్రముతో మాంత్రికుని వేషము, నడక, నవ్వు ఊరూర పిల్లల ఆటలలోనికి కూడ దిగెను.

1955లో మిస్సమ్మ వచ్చునాటికి వారికి ముప్పదియేడేండ్లు నిండలేదు. అయినను యెదిగిన కుమార్తెకు తండ్రియైన జమీందారుగా నటించిరి. ఆ జమీందారు తన పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు కావలెనని కోరగా, ఒక హిందూ యువకుడును, క్రైస్తవ కుటుంబమున పెరిగిన యువతియు భార్యాభర్తలమని చెప్పి కొలువులో చేరుదురు. ఉపాధ్యాయులమైన మేము ఆ చిత్రము చూచునపుడు ఇతరులకంటె కొంత ఎక్కువగానే నవ్వుకొందుము. 1957లో మాయాబజారు ఘటోత్కచుడు వచ్చెను. దానినిగూర్చి తెలుగు ఇండ్లలో చెప్పవలసిన పనిలేదు.

1963లోని నర్తనశాలలో కీచక పాత్ర వారి కీర్తిని సముద్రములు దాటించెను. 1964లో ఇండోనీషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రికా ఆసియా చలనచిత్రోత్సవమున వారికి ఉత్తమ నటుడను బహుమానము లభించెను. దుష్టుడైన కీచకుని యందు కూడ రాజసమును, మోహముచే కలిగిన దైన్యమును చూపుటయే ఆ నటనలోని విశేషమని మా అభిప్రాయము.

తీరిక దొరకినపుడు కథలు వ్రాయుట వారి అలవాటు. పేరు స్థిరపడిన పిమ్మట కూడ కొత్త పనికి జంకక, 1967లో చదరంగమును, 1968లో బాంధవ్యాలును తామే నిర్మించి, తామే దర్శకత్వము వహించిరి. రెండును నంది బహుమానములు పొందెను. మూడవ చిత్రమునకు దర్శకత్వము వహింపకయే, 1974 జూలై 18వ తేదీన, ఏబదియాఱేండ్ల వయస్సున, మద్రాసులో గుండెపోటుచే కన్నుమూసిరి.