శాసననిర్మాత్రి శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

శాసనసభ్యుల కృషిని లెక్కించునప్పుడు, తాము స్వయముగా ప్రవేశపెట్టిన బిల్లు లెన్ని, ఇతరులు తెచ్చినవానిని బలపరచి సవరించినవి యెన్ని అని చూచుట వాడుక. మంత్రులు తెచ్చునవి ప్రభుత్వపు బిల్లులు. మంత్రులు కాని సభ్యులు తెచ్చునవి అనధికార బిల్లులు. మన పార్లమెంటులో అనధికార బిల్లులు చట్టములగుట బహు అరుదు. 1970 తరువాత అట్టిది ఒక్కటియు చట్టము కాలేదు. కావున మంత్రిపదవి లేని సభ్యుని శక్తి ఎక్కువగా సవరణలయందే తెలియవలెను. ఒక మాటను తీసి వేరొక మాటను చేర్చుటయే సవరణ. ఆ ఒక్క మాట కోట్లాది జనుల బ్రతుకును మార్చవచ్చును. తెలుగునాట జన్మించి ఈ పనియందు పేరొందినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు అగ్రగణ్యులు.

వీరు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆనాటి ఆచారము ననుసరించి ఎనిమిదేండ్ల ప్రాయముననే వివాహము జరిగినది. ఊహ తెలిసిన పిదప ఆ బంధమును ఒల్లక, తండ్రిగారి యొక్కయు సోదరుని యొక్కయు అండతో దానినుండి విడివడి, చదువునకును దేశసేవకును అంకితులైరి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు పదునాలుగేండ్ల బాలికగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచిరి. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ గారినే లోనికి పోనీయక ఆపిరి. నిర్వాహకులు టిక్కెట్టు కొని యిచ్చిన తరువాతనే దారి విడిచిరి. నియమము పెద్దలకును పిన్నలకును ఒక్కటే యను ఆ పట్టుదల వారిని జీవితాంతమును విడువలేదు.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని 1930 మొదలు 1933 వరకు మూడు పర్యాయములు చెరసాల కేగిరి. అచ్చట తోటి ఖైదీలుగా కనబడిన నిరుపేద స్త్రీలను చూచి వారి మనసు కరగినది. తమపై మోపిన నేరమేమో, తమకున్న హక్కేమో తెలియక శిక్ష ననుభవించుచున్నవారు వారిలో ననేకులు. చట్టము తెలియని వారికి చట్టమే ఉరిత్రాడగునని గ్రహించి, న్యాయశాస్త్రము నభ్యసింప నిశ్చయించుకొనిరి. విడుదలయైన పిమ్మట కాశీ మెట్రిక్యులేషనుతో ప్రారంభించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. పట్టము నంది, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పరీక్ష నెగ్గిరి. ఈ నడుమనే, 1937లో, ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు మధ్యలో మానిన బాలికలకు తిరిగి విద్య గరపిరి.

1946లో మదరాసు రాష్ట్రమునుండి రాజ్యాంగ పరిషత్తునకు ఎన్నికైరి. ఆ పరిషత్తున స్త్రీలు పదునేవురు మాత్రమే. రాజ్యాంగపు ముసాయిదాపై నోటీసు వచ్చిన సవరణలు 7,635. సభలో ప్రతిపాదింపబడినవి 2,473. అంతటి సముద్రములో దుర్గాబాయి గారి సవరణ యొకటి చెప్పుకొనదగినది. రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్లు నిండియుండవలెనని ముసాయిదా. వివేకము వయసును బట్టి మాత్రమే రాదని వాదించి, ముప్పదియేండ్లు చాలునని 1949 మేలో వీరు సవరణ ప్రతిపాదించిరి. సభ ఆమోదించినది. నేటికిని 84వ అధికరణములో ఆ ముప్పదియే నిలిచియున్నది. భాషావివాదమునను వీరు హిందూస్థానీ పక్షమున నిలిచియే, దానిని దక్షిణాదివారిపై బలవంతముగా రుద్దరాదనియు, నేర్చుకొనుటకు తగిన గడువీయవలెననియు హెచ్చరించిరి.

1950 నుండి 1952 వరకు తాత్కాలిక పార్లమెంటులో కొనసాగిరి. ఆనాడు దేశమును రెండు పాయలుగా చీల్చినది హిందూ స్మృతి బిల్లు. కుందుర్పి వంటి మెట్టసీమలో ఆ బిల్లు అర్థము సులువుగా బోధపడును. వాన మొగము చాటువేసిన యేడు మగవారు కూలికై బెంగుళూరు దారి పట్టుదురు. చేను, గొడ్డుగోద, బిడ్డలు ఆడువారి మీద పడుదురు. అయినను పట్టా మాత్రము మగవాని పేరనే యుండుట వాడుక. 1937 నాటి చట్టము వితంతువునకు భర్త ఆస్తిలో భాగ మొసగినను, అది ఆమె బ్రతికినన్నాళ్లు అనుభవించుటకే గాని స్వేచ్ఛగా అమ్ముటకు హక్కు లేదు. కూతురికి దక్కునది ఇంకను అల్పము. ఈ అన్యాయమును తొలగించు బిల్లును దుర్గాబాయి గారు గట్టిగా సమర్థించిరి. పని సాగకపోగా 1951లో అంబేద్కరు గారు మంత్రిపదవికి రాజీనామా యిచ్చిరి. 1952 ఎన్నికలలో దుర్గాబాయి గారు గెలువలేదు. కావున 1955, 1956 సంవత్సరములలో వివాహము, వారసత్వము మొదలగువానిపై చట్టములు వెలువడినప్పుడు వారు సభలో లేరు. విత్తినవారొకరు, కోసినవారింకొకరు.

ఓటమికి క్రుంగక, ప్రణాళికా సంఘ సభ్యురాలై, 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. బాలవాడి, ప్రసూతి సాయము, చేతిపనులు, వయోజన విద్య పల్లెలకు చేరుటకు ఆ మండలి దారి చూపినది. ఆ యేటనే ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిరి. అదే సంవత్సరము చీనాదేశమునకు పోయి, అచ్చటి కుటుంబ న్యాయస్థానములను చూచి వచ్చిరి. ఆలుమగల తగవులు యేండ్ల తరబడి కోర్టులలో నానక, ఓర్పుతో విని రాజీకి ప్రయత్నించు వేరు న్యాయస్థానములు మనకును కావలెనని నెహ్రూ గారికిని, న్యాయమూర్తులకును విన్నవించిరి. 1975లో ప్రభుత్వము వీరిని పద్మవిభూషణ బిరుదముతో సత్కరించినది. 1981 మే 9వ తేదీన పరమపదించిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో, వారు గతించిన మూడేండ్లకు, వెలువడినది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి చట్టముతోను, దేశమంతయు 2005లోను అంగీకరించినవి.

చట్టపు పుటలమీద సవరణ తెచ్చినవారి పేరు వ్రాయబడదు. 84వ అధికరణమును చదువువారికి ముప్పది యను సంఖ్య కనబడును గాని, దాని వెనుకనున్న తెలుగు ఆడుబిడ్డ కనబడదు. బిల్లుల లెక్క మాత్రమే చూచినచో ఇట్టివారి సేవ చిన్నదిగా తోచును. తన పేర పట్టా వ్రాయించుకొనిన కుందుర్పి సీమ రైతుబిడ్డ యొకతె గ్రంథాలయమునకు వచ్చి, ఈ హక్కు తనకెట్లు వచ్చినదని విచారించినచో, ఆ లెక్క సరిగా తేలగలదు.