భాస్వరపు జాడ పట్టిన మనీషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవ దేహంలో ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ ఒకే కాడికి కట్టిన రెండెద్దుల వంటివి. శరీరంలో పుట్టే ఆమ్లాన్ని మొదటివి బొగ్గుపులుసు వాయువు రూపాన ఊపిరితో వెళ్లగొట్టగా, రెండవవి మూత్రంతో వెడలగొడతాయి. ఒకటి కుంటుపడితే ఆ బరువు రెండవదానిపై పడుతుంది. మూత్రంలో ఆమ్లాన్ని మోసుకొనిపోయే ముఖ్య ద్రవ్యాలలో భాస్వర లవణం ఒకటి. ఆ భాస్వరాన్ని కొలిచే సులభమార్గాన్ని లోకానికి అందించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికం, పితృవియోగం ఆయన బాల్యాన్ని చుట్టుముట్టాయి. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని చేజిక్కలేదు. ఇద్దరు సోదరులను గ్రహణి వ్యాధి బలిగొన్నది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తి చెందవలసివచ్చింది.

అనంతరం అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధన సాగించారు. 1925లో ఫిస్కుతో కలిసి భాస్వర పరిమాణాన్ని నీలిరంగు గాఢతను బట్టి తెలుసుకొనే విధానాన్ని ప్రకటించారు. మూత్రపిండాలు బాగా చెడినప్పుడు రక్తంలో భాస్వరం పేరుకొంటుంది. ఆ సంగతిని కొద్దిపాటి రక్తంతోనే పసిగట్టడానికి ఈ విధానం తోడ్పడింది. అయినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. సోదరులను కబళించిన వ్యాధికి చికిత్సలో ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. 1948లో ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలల నుండి ఆరియోమైసిన్ వెలువడింది. కొన్ని రకాల న్యుమోనియాకు అది దివ్యౌషధమైంది. అయితే, మూత్రపిండాలు బలహీనమైనవారికి ఆ జాతి మందులలో పలువాటిని ఇస్తే రక్తంలో యూరియా పెరుగుతుందని తరువాత వైద్యులు గ్రహించారు. ఊపిరితిత్తులకు మందిచ్చేవాడు మూత్రపిండాలను మరువరాదన్నమాట!

అదే 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల ప్రాయంలో ఆయన కన్నుమూశారు. నోబెల్ బహుమతి గాని, బ్రతికివుండగా తగిన కీర్తి గాని ఆయనకు దక్కలేదు.

కోసిగి విద్యార్థులారా! ఎండలు మండే మన సీమలో దాహాన్ని నిర్లక్ష్యం చేయకండి. బీడీ, సిగరెట్ల పొగను దరిచేరనీయకండి. పరీక్ష తప్పిననాడు మాత్రం, మూడవ ప్రయత్నంలో గట్టెక్కిన ఆ భీమవరం బాలుణ్ణి స్మరించుకోండి.