లియోనార్డ్ ఆయిలరు

స్విట్జర్లండు దేశమందలి బాజెల్ నగరమున 1707 ఏప్రిల్ 15వ తేదీన లియోనార్డ్ ఆయిలరు జన్మించెను. తండ్రి మతబోధకుడు, కుమారుడును ఆ వృత్తియందే ప్రవేశింపవలెనని ఆయన కోరిక. కాని గణితాచార్యుడగు యోహాన్ బెర్నౌలీ ఆ బాలుని ప్రతిభను గుర్తించి, తండ్రిని ఒప్పించి, గణితమునకు మరలించెను. 1727లో ఆయిలరు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గునకు పోయి అచ్చటి విజ్ఞాన పరిషత్తున చేరెను.

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు ఆయనకు జాబు వ్రాయుచు ఒక ప్రశ్న వేసెను. 3, 5, 17, 257, 65,537 — ఈ వరుసలో ఏ సంఖ్యనుండియైనను ఒకటి తీసివేసి, శేషమును దానితోడనే గుణించి, ఒకటి కలిపినచో తరువాతి సంఖ్య వచ్చును. ఇవన్నియు ప్రధాన సంఖ్యలే, అనగా ఒకటియు తామును దక్క వేరొక భాజకము లేనివే యని పూర్వము ఫ్రాన్సు దేశీయుడగు ఫెర్మా నమ్మియుండెను. అది నిజమా? వరుసలో ఆరవది 429,49,67,297. ఆయిలరు తన యిరువదియైదవ యేట, 1732లో, దానిని 641 నిశ్శేషముగ భాగించునని చూపెను, భాగఫలము 67,00,417. ఫెర్మా నమ్మిక అంతటితో కూలెను. 65,537 తరువాత ఆ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య నేటికిని దొరకలేదు. ఆ యారవ సంఖ్యకు ప్రధాన భాజకము ఏదైనను 64 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చినదియే కావలెనని ఆయన తరువాత నిరూపించెను. ఆ దారిని పోయినచో 193, 257, 449, 577 దాటగానే 641 ఎదురగును. ఎచట త్రవ్వవలెనో తెలిసినవానికి కొండయంతయు త్రవ్వ బనిలేదు.

1738 ప్రాంతమున ఆయనకు కుడికంటి చూపు పోయెను. 1741 నుండి బెర్లినులో ఇరువదియైదేండ్లుండి, 1766లో మరల పీటర్స్‌బర్గు చేరెను. పిమ్మట ఎడమకంటికి శుక్లము క్రమ్మెను. 1771లో జరిగిన శస్త్రచికిత్స కొలదికాలము చూపునిచ్చెను గాని అది నిలువలేదు. ఆ యేడే ఇల్లు తగులబడగా, స్వదేశీయుడైన పీటర్ గ్రిమ్ మంటలలో చొచ్చి ఆయనను మోసికొనివచ్చెను.

మరుసటియేడు, తన గురువు మనుమడగు మూడవ యోహాన్ బెర్నౌలీకి పంపిన జాబులో, 214,74,83,647 ప్రధాన సంఖ్య యని ఆయిలరు తెలిపెను. ముప్పదియొక్క రెండ్లను గుణించి ఒకటి తీసివేసిన సంఖ్య యిది. ఒక సంఖ్య ప్రధానము కాదనుటకు ఒక్క భాజకము చూపిన చాలును. ప్రధానమే యనుటకో, దాని వర్గమూలము వరకు, ఇచట 46,340 వరకు, భాజకమేదియు లేదని తేల్చవలెను. మొదటి పనికంటె ఇది ఎంతయో కఠినము. అయినను 248 యొక్క గుణిజములకు 1 గాని 63 గాని చేర్చగా వచ్చు ప్రధాన సంఖ్యలను మాత్రమే పరీక్షించిన చాలునని ఆయన కనిపెట్టెను. చూపు లేని ఆ దినములలో ఆయన నోట చెప్పగా కుమారుడును శిష్యులును వ్రాసెడివారు; గుణకార భాగహారములు ఆయన మనసులోనే నడచెడివి.

ఈ సంఖ్యను ముప్పది రెండ్ల లబ్ధముచే గుణింపగా 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వచ్చును; అనగా 6 = 1 + 2 + 3 అయినట్లే, తాను గాక తక్కిన భాజకముల మొత్తమునకు సమానమైన సంఖ్య. ఇట్టివి వింతకే గాని ఉపయోగమునకు రావు గనుక ఇంతకు మించినదానిని ఎవరును వెదకబోరని 1811లో ఆంగ్లేయుడు పీటర్ బార్లో వ్రాసెను. 1876లో ఫ్రాన్సు దేశీయుడగు లూకా 39 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొనెను.

1783 సెప్టెంబరు 18న, క్రొత్తగా కనుగొనబడిన యురేనస్ గ్రహగతిని గూర్చి శిష్యుడగు లెక్సెల్‌తో ముచ్చటించిన దినముననే, ఆయిలరు మరణించెను. ఆయన విడిచిపోయిన వ్రాతలను పరిషత్తు మరి నలువదియేండ్లకు పైగా అచ్చువేయుచునే యుండెను.