గిడుగు వేంకట రామమూర్తిపంతులు

వంశధారానది కళింగపట్నమునొద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. ఆ నదీతీరమున ఎగువకు పోయినచో శ్రీముఖలింగ క్షేత్రము వచ్చును. దాని సమీపమున పర్వతాలపేట యను చిన్న గ్రామము కలదు. అచ్చట 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన రామమూర్తి జన్మించెను. తండ్రి వీర్రాజుగారు 1875లో మరణించిరి. అప్పటికి రామమూర్తికి పండ్రెండేండ్లు. ఇంటికి ఆధారము తప్పినను అతడు చదువు విడువలేదు. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చేరెను. గురజాడ అప్పారావు అతనికి సహాధ్యాయి.

1879లో రామమూర్తి మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పై చదువుకంటె జీవనోపాధియే ముందుగా కావలసివచ్చెను. మరుసటి సంవత్సరము పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఇంతటితో తన చదువు ముగిసినదని ఆయన తలంపలేదు. పగలు పిల్లలకు బోధించుచు, తీరిక వేళలలో తాను చదువుకొనుచు, ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలను ప్రైవేటుగా వ్రాసి గెలిచిరి. అందుచే పైతరగతులకు బోధించు అర్హత ఆయనకు లభించెను.

కాని ఆయనకు కీర్తి తెచ్చిన విద్య ఏ పరీక్షకును పాఠ్యము కాదు. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసించుచుండిరి. వారి భాష పట్టణవాసులకు తెలియదు. వారి పిల్లలకు బడులు లేవు. పంతులుగారు సవరభాష తెలిసిన మనిషిని ఇంట నుంచుకొని ఆ భాషను అభ్యసించిరి. అడవులలో తిరుగుటచే మలేరియా జ్వరము సోకెను. దానికై వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతినెను. మాటలను చెవితో విని నేర్వవలసిన వానికి అంతకన్న నష్ట మేమున్నది? అయినను ఆయన పని మానలేదు. సవరభాషలో వాచకములు వ్రాసిరి. స్వంత ధనముతో బడులు పెట్టించిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి నడపుడని కోరిరి. ఆయన వ్రాసిన సవర వ్యాకరణము 1931లో వెలువడెను.

ఇన్నేండ్ల బోధనానుభవము ఆయనకు మరియొక సత్యమును తెలిపెను. విద్యార్థికి విషయము తెలిసియుండియు, ఎన్నడును పలుకని ప్రాచీన పదరూపములలో వ్రాయలేక పరీక్షలో వెనుకబడుచుండెను. అట్టి పరీక్ష బాలుని తెలివిని కాక, కంఠస్థము చేసిన మాటలను మాత్రమే కొలుచునని ఆయన గ్రహించిరి. పాఠశాలల పరిశీలనాధికారి యేట్సుదొర, గురజాడ, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షుడు పి.టి. శ్రీనివాసయ్యంగారు ఈ విషయమున ఆయనతో ఏకీభవించిరి. 1912 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ప్రాచీన భాషలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తర్వు వెలువడెను. జయంతి రామయ్యపంతులు మొదలగు పండితులు దీనిని ప్రతిఘటించిరి. కొద్దికాలమునకే ఆ స్వేచ్ఛ తొలగిపోయెను.

పంతులుగారు నిరాశ చెందలేదు. ఊరూర సభలలో ఉపన్యసించిరి. 1919లో ‘తెలుగు’ అను పత్రికను నెలకొల్పిరి. 1936లో పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రమున చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన పరమపదించిరి. విద్యార్థులు వాడుకభాషలో పరీక్షలు వ్రాయు దినము స్థిరముగా వచ్చునప్పటికి ఆయన లేరు. నేడు ఆయన జన్మదినము తెలుగు భాషాదినోత్సవముగా జరుపబడుచున్నది.

పరీక్షలు ఆయనకు ఉపాధిని చూపినవి. చేయదగిన పని యేదో ఆయనకు చూపినది మాత్రము తన ముందు కూర్చున్న బాలుని కష్టము, కొండదిగి వచ్చిన సవర మాట. విద్యార్థులు పరీక్షలకు శ్రద్ధతో చదువవలెను. అంతతో ఆగక, తమ చుట్టునున్న లోకమును గూడ కనులు తెరచి చూడవలెను.