బనియన్ పేరు వెనుక మనిషి



చేతుల్లేని బనియన్‌ని మీ ఇంట్లో ఏమంటారు? చాలా ఇళ్లలో శాండో అనే అంటారు. అది కంపెనీ పేరు కాదు, ఒక మనిషి నుంచి వచ్చిన పేరు అంటారు. తొమ్మిదో తరగతికి రాగానే జిమ్‌లో చేర్పించమని మీ అబ్బాయి వెంటపడుతుంటే, ఆ మనిషి గురించి మీరు కాస్త తెలుసుకోవాలి.

యూజెన్ శాండో 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. చిన్నప్పుడు బక్కగా ఉండేవారట. నాన్నతో ఇటలీ వెళ్లి పాత శిల్పాలు చూశాక వ్యాయామం మీద మనసు పడిందని ఆయనే చెప్పుకున్నారు. నన్నడిగితే ఈ కథలో కొంత ప్రచారం పాలు ఉంది, ఎందుకంటే ఆయన గట్టి వ్యాపారి కూడా. 1889లో లండన్‌లో సాంప్సన్ అనే బలశాలిని వేదిక మీదే ఓడించి పేరు తెచ్చుకున్నారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన సమయంలో అక్కడ ప్రదర్శనలిచ్చారు. మరుసటి ఏడాది ఎడిసన్ స్టూడియో ఆయన్ని ఫిల్మ్ తీసింది.

ఎత్తిన బరువుల కన్నా ఆయన శరీరాన్ని చూడటానికే జనం ఎక్కువగా వచ్చేవారు. శాండో ఈ సంగతి తొందరగానే పట్టుకున్నారు. 1897లో లండన్‌లో వ్యాయామశాల తెరిచారు. అదే ఏడాది వచ్చిన పుస్తకంలో వయసును బట్టి వేరువేరు పట్టికలు ఇచ్చారు. దూరాన ఉన్నవాళ్లు తమ కొలతలు పోస్టులో పంపితే, వాళ్లకు తగిన వ్యాయామం రాసి పంపే పద్ధతి కూడా నడిపారు. మెడ, ఛాతీ, దండచేయి, ముంజేయి, తొడ, పిక్క, ఇలా దేనికది టేపు పెట్టి కొలుచుకోవాలి. ఛాతీ ఎంత పెరిగిందన్న ఒక్క లెక్కతో సరిపెట్టుకుంటే, ఏ భాగం వెనకబడిందో ఎప్పటికీ తెలియదు.

ఆయన దీన్ని ఎంత పట్టింపుగా తీసుకున్నారో 1901 సెప్టెంబర్ 14న అందరికీ తెలిసింది. ఆ రోజు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆయన పెట్టిన శరీర సౌష్ఠవ పోటీ ఫైనల్ జరిగింది. న్యాయనిర్ణేతలు ముగ్గురు: శాండో, శిల్పి చార్లెస్ లాస్, మన పిల్లలు చదివే షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయల్. ఫైనల్‌కి వచ్చినవాళ్లు 60 మంది. కండలు ఎవరివి పెద్దవైతే వాళ్లకే బహుమతి అన్న పద్ధతి లేదు. అన్ని భాగాలూ సమంగా ఎదిగాయా, ఆరోగ్యం ఎలా ఉంది, చివరికి చర్మం ఎలా ఉందన్నదీ చూశారు. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే గెలిచారు.

ఇప్పుడు మన జిమ్‌ల వైపు చూడండి. కుర్రాళ్లకు అద్దంలో కనిపించేవి ఛాతీ, బైసెప్స్. రోజూ వాటికే పని. వీపు, తొడలు, పిక్కలు ఎప్పుడో గుర్తొస్తే చేస్తారు. పైన పహిల్వాన్, కింద అగ్గిపుల్లలు! దీనికి మంచి కోచ్‌లు చెప్పేది సులువే. వెనకబడ్డ భాగాన్ని ముందు చేయించాలి, అప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది. దానికి ఒకటి రెండు సెట్లు పెంచితే, బలంగా ఉన్నచోట అన్నే తగ్గించాలి. అన్నీ పెంచుకుంటూ పోతే పిల్లాడు కోలుకోలేడు. ఒంటిచేత్తో డంబెల్ ఎత్తేటప్పుడు బలహీనమైన చేత్తో మొదలుపెట్టి, అది ఎన్నిసార్లు ఎత్తితే రెండో చెయ్యీ అన్నిసార్లే ఎత్తాలి. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. రెండు నెలలకోసారి టేపు తీసి కొలవండి. ఎదిగే వయసు కాబట్టి పక్కన నేర్పేవాళ్లు లేకుండా బరువులు ముట్టుకోనివ్వద్దు. శాండో కూడా చాలామందికి తేలికపాటి డంబెల్సే చెప్పారు, కదిలే కండ మీదే ధ్యాస పెట్టి చేయమన్నారు. ఆయన స్టేజీ మీద ఎత్తినవి మాత్రం తేలికవి కావు లెండి.

1904-05లో ఆయన మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చారు. 1911లో ఐదో జార్జి రాజు ఆయన్ని తన వ్యాయామ ఆచార్యుడిగా నియమించారు. 1925 అక్టోబర్ 14న లండన్‌లో కన్నుమూశారు. పట్నీ వేల్ శ్మశానంలో ఆయన సమాధి మీద చాలాకాలం పేరు కూడా లేదు. ఇప్పుడు మిస్టర్ ఒలింపియా గెలిచినవాళ్ల చేతికి ఇచ్చే ప్రతిమ ఆయనదే.