తన్ను తాను ఉపేక్షించుకొన్న అజరయ్య

యేసు ప్రభువును వెంబడించగోరేవారు తమ్మును తాము ఉపేక్షించుకొని, ప్రతిదినం సిలువనెత్తుకోవాలని లూకా సువార్త 9వ అధ్యాయంలో చదువుతాం. ఉపేక్షించుకోవడమంటే ఉపవాసముండడమో, ఇష్టమైనదేదో మానుకోవడమో అనుకుంటాం. వస్తువును వదులుకోవడం తేలికే. ‘నేను’ అన్నదాన్ని వదులుకోవడమే కష్టం. మరిపెడ ప్రాంతపు విశ్వాసులమైన మనం ఇది నేర్చుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారి జీవితం చాలు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పాదిరి ఇంట జన్మించారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగి పేరు పొందారు. 1903లో తిరునెల్వేలి విశ్వాసులు సొంత మిషనరీ సంఘాన్ని స్థాపించడంలో ముందు నిలిచారు. ఆ సంఘం తెలుగువారి మధ్యకు సేవకులను పంపింది. ఇతరులను వెళ్లమనే తాను ఎందుకు వెళ్లకూడదన్న ప్రశ్న ఆయనను నిలవనివ్వలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో, విదేశీ మిషనరీలు తమ ఆస్తినే కాదు, స్నేహాన్నీ ఇవ్వాలని ధైర్యంగా అడిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. అంత ఘనత దక్కినా పల్లెలను విడువలేదు. ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలే ఉన్న సంఘాల్లో తిరిగి, కులభేదం సంఘంలో ఉండకూడదని బోధించారు. బీదలు కూడా దేవునికి ఇవ్వాలని నేర్పారు. స్త్రీలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు దేవుని కోసం పక్కన పెట్టేవారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ నేటికీ ఆయన సేవకు సాక్ష్యం. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

ఆయన పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ సంఘ కమిటీలో పదవి దక్కకపోతే ఆరాధనకే రావడం మానేస్తాం. కానుక ఇచ్చి, దానిపై మన పేరు చెక్కించుకుంటాం. ఒకే బల్లలో పాలుపొంది, పెళ్లి సంబంధం దగ్గర కులం అడుగుతాం. ‘నేను’ ఇంకా మనలో సింహాసనం మీదే ఉంది కదా! పిడికెడు బియ్యం తీసినట్టే ఈ వారం మన గర్వంలో ఒక పిడికెడైనా తీసి ప్రభువు పాదాల దగ్గర పెడదాం. అలిగి దూరమైన సహోదరుని ఇంటికి మనమే ముందుగా వెళ్దాం.