హృదయమునకు త్రోవ గనిన వైద్యుడు: వెర్నర్ ఫోర్స్‌మన్

నెలలు నిండక పుట్టిన శిశువు ఒక్కొక్కప్పుడు ఒక కిలోగ్రాము బరువైనను తూగదు. అట్టి బిడ్డ చనుబాలు కుడువజాలదు. పోషణమును ఔషధమును తరచు సిరలోనికి ఎక్కింపవలసివచ్చును. చేతి సిరలు నూలుపోగులవలె నుండి గాఢమైన ద్రవములకు తాళలేవు. కావున సన్నని గొట్టము నొకదానిని హృదయ సమీపమందలి పెద్ద సిర వరకు పంపుదురు. విజయనగరము ఘోషాసుపత్రి పేరెరుగని తల్లి మన ప్రాంతమున లేదు. కాని యీ విద్య యెవని సాహసమున మొలకెత్తినదో యెరిగినవారు అరుదు.

వెర్నర్ ఫోర్స్‌మన్ 1904వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన జర్మనీ దేశపు బెర్లిన్ నగరమున జన్మించెను. వైద్యవిద్య ముగించి ఎబెర్స్‌వాల్డె పట్టణపు ఆసుపత్రిలో శస్త్రవైద్యము నేర్చుచుండెను. ఆ కాలమున ప్రాణము మీదికి వచ్చినపుడు గుండెకు మందు చేర్పవలెనన్న రొమ్ముగుండ సూది గ్రుచ్చుటయే దారి. అది మిక్కిలి అపాయకరము. పూర్వము ఫ్రెంచి పండితులు గుఱ్ఱపు మెడసిర గుండ గొట్టమును హృదయములోనికి పంపిన చిత్ర మొకటి యాతడు చూచియుండెను. గుఱ్ఱమునకు చెల్లినది మనుష్యునకేల చెల్లదని యాతని తలపు. పై వైద్యుడు అనుమతింపలేదు.

అయినను 1929వ సంవత్సరపు వేసవిలో ఆతడు పని సాగించెను. పరికరములు గెర్డా డిట్సెన్ అను నర్సు అధీనమున నుండెను. ఆ సాహసురాలు ప్రయోగమునకు తన శరీరమునే యిచ్చుటకు సిద్ధపడెను. ఫోర్స్‌మన్ ఆమెను బల్లకు కట్టి, ఆమెకే చేయుచున్నట్లు నటించుచు, తన యెడమచేతి సిరను తెరచి, మూత్రనాళములకు వాడు సన్నని గొట్టమును తనలోనికి త్రోసికొనెను. నర్సును వంచించుట మెచ్చదగినది కాదు. కాని అపాయమును ఆమెకు గాక తనకే యుంచుకొనెను. ఆ గొట్టముతోనే ఎక్సురే గదికి నడచిపోయి, తెరను అద్దములో చూచుకొనుచు, 65 సెంటీమీటర్లు లోనికి పంపెను. కొన హృదయపు కుడిభాగమున గానవచ్చెను. దధీచి యెముకల నిచ్చి తనువు చాలించెను. ఈతడు బ్రతికి బయటపడెను.

లోకము మాత్రము మెచ్చలేదు. బెర్లినులో దొరకిన యుద్యోగము పోయెను. ఆతడు హృదయ పరిశోధన విడిచి మూత్రాశయ చికిత్సకు మరలెను. 1932లో నాజీ పక్షమున చేరుట యాతని చరిత్రకు మచ్చ. దానిని దాచి వ్రాయుట న్యాయము గాదు. యుద్ధమున సైనిక వైద్యుడై చెరపడి, పిదప చిన్న యూళ్లలో వైద్యము చేసికొని బ్రతికెను. ఈలోగా అమెరికాలో కూర్నాండ్, రిచర్డ్స్ అనువారు ఆ పద్ధతిని పెంచి పెద్దచేసిరి. 1956లో నోబెల్ బహుమానము వారిరువురితోపాటు ఫోర్స్‌మన్‌నకును లభించెను. 1979 జూను 1వ తేదీన ఆతడు హృదయ వ్యాధితోనే మరణించెను.

గొట్టము చేరినచోటు ఆతడు ఎక్సురేలో చూడవలసివచ్చెను. నేడు చెవికి వినరాని సూక్ష్మధ్వనులను పంపి, వాని ప్రతిధ్వనులచే శిశువు సిరను తెరపై ముందుగనే చూతురు. ప్రక్కనున్న ధమనికిని ఊపిరితిత్తికిని తగులకుండ సూది సిరను చేరుట వైద్యుడు కన్నులార గాంచుచు పనిచేయును. గొట్టము చిరకాల ముండిన రక్తమున క్రిములు చేరును గనుక, బిడ్డ పాలకు అలవాటుపడగానే దానిని తీసివేయుదురు.